సీడీ4 ఉంది, సీడీ3 లేదు: ఇవి టీ కణాలేనా?

ప్రశ్న: మనిషి రక్తం నుంచి ఫైకాల్‌తో (కణాలను సాంద్రతను బట్టి వేరుచేసే ద్రవం) తీసిన కణాలను ఫ్లో సైటోమీటర్‌లో (రంగు యాంటీబాడీలతో ఒక్కో కణాన్నీ కొలిచే యంత్రం) చూస్తే, సీడీ4 మసకగా ఉండి సీడీ3 లేని (రెండూ కణం మీది గుర్తు ప్రోటీన్లు; సీడీ3 టీ కణాల గుర్తు) గుంపు ఒకటి వస్తోంది. టీ కణాల్లో కలపొచ్చా అండీ?

జవాబు 1: వద్దండీ. చాలావరకు మోనోసైట్లే (ఇంకో రకం తెల్ల రక్తకణాలు) అయివుంటాయి, మనిషి మోనోసైట్ల మీద సీడీ4 కొద్దిగా ఉంటుంది. మోనోసైట్ల గుర్తైన సీడీ14 కలిపి చూడండి, తేలిపోతుంది. గేట్లు (ఏ కణాలను లెక్కలోకి తీసుకోవాలో గీసే హద్దులు) వరుసగా పెట్టాలి: ముందు జంటగా అతుక్కున్న కణాలు తీసేయండి, తర్వాత చచ్చినవి (యాంటీబాడీ ఏదైనా వాటికి ఊరికే అంటుకుంటుంది), ఆ తర్వాత సీడీ3. సీడీ4, సీడీ8 ఆఖర్న. రంగులు వేసేముందు ఎఫ్‌సీ బ్లాక్ (యాంటీబాడీల తోక కణాల మీది ఎఫ్‌సీ గ్రాహకాలకు అతుక్కోకుండా ఆపేది) తప్పనిసరి.

ప్రశ్న: మరి రెగ్యులేటరీ టీ కణాలను (మిగతా రోగనిరోధక కణాలను అణచేవి) గుర్తించడానికి ఫాక్స్‌పీ3 ప్రోటీన్ ఒక్కటి చాలదా?

జవాబు 2: మనిషిలో చాలదు. ఉత్తేజపడిన మామూలు టీ కణాల్లోనూ అది కొంతకాలం కనబడుతుంది. పైగా అది కేంద్రకంలో ఉంటుంది కాబట్టి రంగు వేయాలంటే కణాన్ని ఫిక్స్ చేసి పొరకు రంధ్రాలు చేయాలి, ఇక ఆ కణం చచ్చిపోయి, పనితీరు పరీక్షకు పనికిరాదు. బతికున్నవి కావాలంటే సీడీ25 ఎక్కువ, సీడీ127 తక్కువ ఉన్నవాటిని వేరుచేయండి. అవి పక్క టీ కణాల విభజనను అణచాలి. నా దృష్టిలో అసలు నిర్వచనం అదే.

జవాబు 3: ఫాక్స్‌పీ3 జన్యువులో టీఎస్‌డీఆర్ అనే భాగం మిథైలేషన్ (డీఎన్‌ఏకు మిథైల్ గుంపులు అంటుకోవడం) కూడా చూడండి. నిలకడైన రెగ్యులేటరీ కణాల్లో అక్కడ మిథైల్ ఉండదు. అయితే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. స్త్రీల నమూనాలో నిద్రాణ ఎక్స్ (రెండు ఎక్స్‌లలో పనిచేయకుండా ఉన్నది) మీది జన్యువు నకలు మిథైల్‌తోనే ఉంటుంది కనుక శుద్ధమైన కణాలకూ సుమారు 50 శాతమే మిథైల్ లేనట్టు వస్తుంది. దాన్ని కల్తీ అనుకోకండి.