తెల్లవారుజాము ఫ్లైట్‌కి చివరి రాత్రి ఎక్కడ ఉండటం మంచిది?

అమ్మతో కలిసి మొదటిసారి విదేశం వచ్చాను. ఎల్లుండి పొద్దున 5:40కి తిరుగు ఫ్లైట్, మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టులో ఉండాలంటే రాత్రి రెండింటికల్లా బయల్దేరాలి, ఆ టైంలో మెట్రో ఉండదు. ఇప్పుడున్న రూమ్‌లోనే ఉండి క్యాబ్ ముందే బుక్ చేసుకోవాలా, లేక ఎయిర్‌పోర్టు పక్కన హోటల్‌కి మారిపోవాలా? టెర్మినల్ కుర్చీల్లో రాత్రంతా గడపడం నాకైతే పర్వాలేదు కానీ అమ్మకి మోకాళ్ల నొప్పులు, నిన్న మెట్లు దిగుతూ రెయిలింగ్ పట్టుకుని రెండుసార్లు ఆగిపోయింది. పైగా చెకిన్ కౌంటర్ తెరిచేదాకా పెద్ద పెట్టెలు మా దగ్గరే ఉంటాయి, వాటితో సెక్యూరిటీ దాటి లోపలికి వెళ్లలేం కదా, అదే నా టెన్షన్. చివరి సాయంత్రం నది ఒడ్డున కూర్చోవాలని అమ్మ ఎంతో ఆశపడుతోంది, అది మాత్రం వదులుకోవాలని లేదు. పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లు మీరేం చేశారో దయచేసి చెప్పండి, ఈరోజే బుక్ చేసేయాలి.