చల్లడమా, అద్దడమా? చాక్లెట్టు మీది మిఠాయి గింజలకు ఏ క్రియ?

ప్రశ్న:

పెద్దలకు నమస్కారం. మేము అమెరికాలో ఉంటున్నాము. మా తెలుగు తరగతి పిల్లలు విందు రోజున తామే చేసుకోగలిగిన ఒక తీపి పదార్థం తయారీని తెలుగులో రాసి ఇవ్వవలసి వచ్చింది. ముడి ఆకారంలో కరకరలాడే బిస్కెట్ల వంటి ఉప్పటి చిన్న ప్రెట్జెల్‌లను కరిగించిన చాక్లెట్టులో ఒక వైపు ముంచి, పైన రంగురంగుల ఎం అండ్ ఎం గింజలు (చక్కెర పూత ఉన్న చిన్న చాక్లెట్టు బిళ్ళలు) పెట్టి ఆరనిస్తే చాలు, ఓవెన్ అక్కరలేదు. నేను దానికి "కాల్చని మిఠాయి" అని పేరు పెట్టి, "చాక్లెట్టు పూసి, గింజలు చల్లి, గడ్డకట్టనివ్వండి" అని రాశాను. మా అత్తగారు చదివి, ఇది తెలుగే గాని వంటింటి తెలుగు కాదన్నారు. ఎక్కడ తేడా వచ్చిందో చెప్పగలరా?

మొదటి సమాధానం:

మీ అత్తగారి మాట సరైనదేనని నాకు అనిపిస్తున్నది. తయారీ విధానంలో చేతికి పని చెప్పేది క్రియాపదమే కాబట్టి, అది కొంచెం పక్కకు జరిగినా చదివిన పిల్లవాడి చేయి మరొక పని చేస్తుంది.

చల్లడమంటే పైనుంచి వదలడం. కళ్ళాపి చల్లుతాము, విత్తనాలు చల్లుతాము, అక్షతలు చల్లుతాము. పడినది ఎక్కడ పడిందన్న పట్టింపు అందులో లేదు. గసగసాలంత సన్నని చక్కెర పలుకులనైతే నిస్సందేహంగా చల్లవచ్చు, ఎందుకంటే అవి తేలికగా ఉండి పడిన చోటనే అంటుకుంటాయి. ఎం అండ్ ఎం గింజ గుండ్రంగా, నున్నగా, బరువుగా ఉంటుంది కనుక చల్లితే సగం గింజలు జారి పళ్ళెంలోకి పోతాయి. ఒక్కొక్క గింజను వేళ్ళతో పట్టుకొని, మెత్తగా ఉన్న చాక్లెట్టుకు తాకించి, పగలకుండా కొద్దిగా నొక్కాలి. ఈ పనికి తెలుగులో అద్దడమనే మాట సిద్ధంగా ఉంది. అరిసె పిండికి నువ్వులు అద్దుతారు, ప్రసాదాన్ని కళ్ళకద్దుకుంటారు, పెడనలో చెక్క దిమ్మెలతో గుడ్డ మీద రంగు వేసే పనిని అద్దకం అంటారు. వీటన్నిటిలోనూ తాకడం, అదుముడు, తేలిక చేయి కలిసి ఉన్నాయి. "పొదగడం" కూడా కొందరికి తోచవచ్చు. అయితే రాయిని పొదగాలంటే దానికి ముందుగానే గూడు తొలిచి ఉండాలి, పైగా పిల్లలకు ఆ మాట వినగానే కోడిపెట్ట గుర్తుకు వస్తుంది.

పూయడం కూడా మీరు చెప్పిన పనికి కుదరదు. గోడకు సున్నం పూస్తాము, గాయానికి మందు పూస్తాము. అక్కడ పూతను తెచ్చి వస్తువు మీద పెడతాము. ఇక్కడ వస్తువునే తీసుకువెళ్ళి ద్రవంలో దించుతున్నారు కాబట్టి, మిరపకాయను శనగపిండిలో ముంచినట్లే, ఇది ముంచడమే. మీ ప్రశ్నలో సహజంగా "ముంచి" అనే రాశారు. విధానం రాసేటప్పుడు మాత్రమే అది "పూసి" అయింది.

"గడ్డకట్టడం" గురించి కొంచెం ఎక్కువగా చెప్పవలసి ఉంది. నీళ్ళు గడ్డకడతాయి, పాలు తోడుకుంటాయి, నెయ్యి పేరుకుంటుంది. చాక్లెట్టులోని కోకో వెన్న కూడా నెయ్యి లాంటి కొవ్వే. సుమారు 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి, చల్లబడితే తిరిగి బిగుస్తుంది. కాబట్టి "చాక్లెట్టు పేరుకునే దాకా" అనడమే తగినది. ఈ తేడా వట్టి ఛాందసం కాదు. కరిగిస్తున్న గిన్నెలో నాలుగు చుక్కల నీరు పడితే చాక్లెట్టు బిరుసెక్కి ముద్ద కడుతుంది, దానిని గడ్డకట్టిందని అనవచ్చు, అది పాడవడం. పేరుకోవడమో, మనం కోరుకున్నది. రెండింటికీ ఒకే మాట వాడితే పిల్లలకు తికమక తప్పదు.

ఇక పేరు. "కాల్చని" అన్న విశేషణానికి, కాల్చడం అలవాటుగా ఉన్న చోటనే అర్థముంటుంది. మన మిఠాయిలు పాకం పట్టేవి, నూనెలో వేయించేవి, దంచి ఉండ కట్టేవి. ఓవెన్‌లో కాల్చేవి మన ఇళ్ళలోకి తరువాత వచ్చాయి. నాగుల చవితికి నువ్వులూ బెల్లమూ దంచి చేసే చిమ్మిలికి పొయ్యితో పని లేకపోయినా, దానిని "వండని తీపి" అని ఎవరూ పిలవలేదు. చలిమిడిలో మాత్రం పాకం చలిమిడి నుంచి వేరు చేయడానికి పచ్చి చలిమిడి అన్నారు. మీ పదార్థానికి "పచ్చి" కూడా అతకదు, చాక్లెట్టును వేడినీటి గిన్నె మీద కరిగిస్తున్నారు కదా. పేరులో ఆ సంగతి వదిలేసి, మొదటి వాక్యంలో "ఓవెన్ అవసరం లేదు" అని రాయండి.

రెండవ సమాధానం:

పూర్ణం బూరెల పైపూతకు కలుపుకునే మినపపిండిని మా వైపు తోపు అంటారు. చాక్లెట్టు పూతను కూడా "తోపు" అంటే ఎలా ఉంటుంది? మరొక మాట: ఫ్రిజ్‌లో ఎక్కువసేపు ఉంచకండి. బయటికి తీయగానే చెమ్మ పట్టి గింజల రంగు చాక్లెట్టు మీదికి దిగుతుంది.

మొదటి సమాధానం ఇచ్చినవారు:

తోపు నాకు ఇష్టమైన మాటే గాని, అది నూనెలో వేగవలసిన పిండి. దానిని చాక్లెట్టుకు ఇవ్వడానికి మనసు సగమే ఒప్పుకుంటున్నది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ఇలా మార్చాను: "ఓవెన్ అవసరం లేదు. తడి లేని గిన్నెలో చాక్లెట్టు వేసి, వేడినీటి గిన్నె మీద పెట్టి కరిగించండి. ప్రెట్జెల్‌ను ఒక వైపు ముంచి, వెన్నకాగితం మీద పెట్టి, చాక్లెట్టు మెత్తగా ఉండగానే మూడు గింజలు అద్దండి. పేరుకునే దాకా కదపకండి." అత్తగారు "కదపకండి" బదులు "కదిలించవద్దు" అనమంటున్నారు, అది మాత్రం పిల్లలకే వదిలేస్తున్నాను.