పడమటి గోడకు థర్మాకోల్ షీట్లు: జిగురు సరిపోతుందా, యాంకర్లూ కావాలా?

పడమటిగది:
విజయవాడలో డాబా ఇల్లు. 9 అంగుళాల ఇటుక గోడ, ప్లాస్టరు మీద పాత సున్నం. వేడి తగ్గేందుకు బయటివైపు 50 ఎం.ఎం. ఈపీఎస్ (థర్మాకోల్) షీట్లు వేయించి పూత పూయించాలి. జిగురు సరిపోతుందా?

తాపీలెవెల్:
రెండూ కావాలండీ. ముందు సున్నం మొత్తం గీకించండి. లేకపోతే జిగురు పట్టుకునేది సున్నాన్నే, గోడను కాదు. సిమెంటు ఆధారిత జిగురే వాడాలి. సాల్వెంటు రకం షీటును కరిగిస్తుంది. అంచుల వెంట చుట్టూ పట్టీలా, మధ్యలో మూడు ముద్దలు, షీటులో కనీసం 40 శాతం గోడకు అంటుకోవాలి. ఉత్త ముద్దలే పెడితే షీటు వెనక గాలి ఆడుతుంది, ఖర్చు దండగ. నేలకు అడుగు ఎత్తున మొదలుపెట్టి, ఇటుక వరసల్లా జాయింట్లు తప్పించండి. మర్నాడు చదరపు మీటరుకు 6 ప్లాస్టిక్ యాంకర్లు (షీటును గోడకు బిగించే మేకులు), ప్లాస్టరు దాటి ఇటుకలోకి 50 ఎం.ఎం. దిగాలి. సందుల్లో సిమెంటు కూరొద్దు, థర్మాకోల్ ముక్కలే.

కిటికీమూల:
పగుళ్లు పుట్టేది కిటికీ మూలల్లోనే. అక్కడ ముందుగా ఏటవాలుగా 20×30 సెం.మీ. మెష్ (జాలీ) ముక్క పెట్టించండి. క్షారాన్ని తట్టుకునే చదరపు మీటరుకు 160 గ్రాముల ఫైబర్‌గ్లాస్ మెష్, అతుకు దగ్గర 10 సెం.మీ. ఒకదానిపై ఒకటి. మేస్త్రీలు మెష్‌ను షీటుకు ఆనించి పైన పూసేస్తారు, అది పనికిరాదు. తడి బేస్‌కోటు (మొదటి పూత)లోకి నొక్కాలి. షీట్లు ఎండలో వారాలు ఉండి పసుపు పొడి రాలితే ఇసుక కాగితంతో రుద్దాకే పూత. ముదురు రంగు వద్దు.

పడమటిగది:
ఏసీ అవుట్‌డోర్ యూనిట్ కూడా ఆ గోడకే ఉంది.

తాపీలెవెల్:
ముందే విప్పించండి. బరువు షీటు మీద పడకుండా పొడవాటి బోల్టులతో బ్రాకెట్ ఇటుకకే బిగించాలి. షీట్లు మంటను ఆపే గ్రేడువే కొనండి, కిటికీల పైన రాక్‌వూల్ (మండని రాతి ఉన్ని) పట్టీ వేయించండి. అన్నట్టు, స్లాబు మీద ఏమైనా వేయించారా? డాబాలో అసలు వేడి దిగేది అక్కణ్నుంచే.