జార్ఖండ్ నుంచి వచ్చిన ఆయమ్మ ఆధార్ కార్డు మన దగ్గర పెట్టుకోవచ్చా?

కడప కోడలు:
నేను కడపలో బ్యాంకు ఉద్యోగిని. మా ఆయనకు బెంగళూరులో పని, శని ఆదివారాలే ఇంట్లో ఉంటారు. బాబుకు ఏడాదిన్నర. ఇంట్లోనే ఉండి చూసుకునే మనిషి కోసం అడగని వీధి లేదు. మన వైపు ఆ పని తెలిసినవాళ్ళు కువైట్‌కైనా పోతారు గానీ పక్క వీధికి రారు. చివరికి ఒక ఏజెన్సీ ద్వారా జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా అమ్మాయి దొరికింది. వయసు 24, జీతం 16 వేలు. బాబును చూసుకోవడంలో వంక పెట్టడానికి లేదు.

కానీ రోజూ ఏదో ఒక పేచీ. బాబు ఒంటికి మా అత్తగారు నువ్వుల నూనె అంటే ఆమె ఆవనూనె అంటుంది. రాగులు వాళ్ళకూ తెలుసట, రొట్టెలు చేసుకుంటారట. సంగటి ముద్ద మాత్రం గొంతు దిగదు, మన కారం సరేసరి. కుర్చీలో కూర్చోమంటే కింద కూర్చుంటుంది, అది చూసి నాకు ఇబ్బంది. సాయంత్రం నేను వచ్చినా బాబు ఆమె చంక దిగడు. నీళ్ళు కావాలంటే నన్ను కూడా హిందీలోనే అడుగుతాడు. నాకు కలిగేది బాధో కుళ్ళో నాకే తెలియదు.

అసలు సంగతి ఇది. భాద్రపదంలో వాళ్ళకు కరమ్ పండుగ, 20 రోజులు ఊరికి పోతానంటోంది. అసలు ఆధార్ కార్డు, ఒక నెల జీతం మా దగ్గర ఉంచుకుంటేనే పంపమని ఏజెన్సీ వాళ్ళు చెప్పారు. అత్తగారిదీ అదే మాట. మా ఆయన వద్దంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

పొద్దుటూరు అన్న:
ఉంచుకోమ్మా, మొహమాటపడొద్దు. మా ఇంట్లో పనిచేసినామె దసరాకని పోయి ఫోన్ ఆఫ్ చేసేసింది. మేం ఏజెన్సీకి కట్టిన కమీషన్ గంగలో కలిసింది. నా భార్య నెల రోజులు డ్యూటీకి పోలేకపోయింది. ఎవరో తెలియని మనిషి చేతిలో పసిబిడ్డను పెడుతున్నాం, మనకూ ఏదో ఒక హామీ ఉండాలి కదా. హోటల్లో గది తీసుకున్నా కార్డు అడుగుతారు.

రాయచోటి అక్క:
అన్నా, హోటల్ వాడు జిరాక్స్ తీసుకుని కార్డు తిరిగిస్తాడు.

నేను కువైట్‌లో చాలా ఏళ్ళు ఇంటిపని చేసి వచ్చినదాన్ని. ఇంటిపనివాళ్ళకిచ్చే 20 నంబరు వీసా. మొదటి ఇంట్లో విమానాశ్రయం నుంచి వచ్చిన రోజే నా పాస్‌పోర్టు బాబా (ఇంటి యజమానిని అక్కడ అలాగే పిలుస్తాం) బీరువాలోకి పోయింది. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని, వారానికి ఒక రోజు సెలవని, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని 2015లో అక్కడ చట్టం చేశారు. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు కూడా అందులోనే ఉంది. చట్టం వచ్చింది గానీ మా బాబా బీరువా తెరవలేదు. మా చెల్లెలి పెళ్ళి ఫోన్‌లో చూశాను. అప్పుడు నా తలలో ఒకటే ఆలోచన, ఎప్పుడు తప్పించుకుందామా అని.

రెండో ఇంట్లో వాళ్ళు అకామా, అంటే అక్కడ ఉండటానికి అనుమతి, కొట్టించి, పాస్‌పోర్టు నా చేతికే ఇచ్చారు. సెలవుకు రాయచోటికి వచ్చాను, చెప్పిన తేదీకి తిరిగిపోయాను. ఎవరూ పట్టి ఉంచలేదు, నాకే పోవాలనిపించింది.

కడప కోడలు చెల్లెమ్మా, బాబు సంగతి కూడా చెప్తా. పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచి బడికి పోయేదాకా ఆ ఇంటి పాపను నేనే పెంచాను. పాప నాతో తెలుగు మాట్లాడుతుంటే వాళ్ళమ్మ మొహం మాడ్చుకునేది. అదే సమయంలో ఇక్కడ మా అమ్మ దగ్గర పెరుగుతున్న నా కొడుకు, ఫోన్‌లో మాట్లాడరా అంటే పరిగెత్తిపోయేవాడు. మీ ఆయమ్మకు పిల్లలున్నారా? ఎప్పుడైనా అడిగావా?

పొద్దుటూరు అన్న:
అక్కా, మీ కష్టం కాదనను. కానీ పోలిక కుదరదు. మీరు దినార్ల కోసం తిరిగిపోయారు. ఇక్కడ 16 వేలు రాంచీలోనో ఢిల్లీలోనో ఎవరైనా ఇస్తారు. ఆ అమ్మాయి ఇంత దూరం మళ్ళీ ఎందుకు రావాలి?

రాయచోటి అక్క:
నువ్వన్నదాంట్లో నిజం ఉంది. అయితే జీతం పెంచే సంగతి ఆలోచించండి. కార్డు దాచుకుంటే ఆ లోటు తీరదు.

కర్నూలు ప్లీడర్:
రెండు ముక్కలు చెప్తాను. కార్డు ఉంచుకుని లాభం లేదు. నంబరు, దానికి లింకైన ఫోను ఉంటే ఎక్కడైనా మళ్ళీ ప్రింటు తీసుకోవచ్చు, అదీ చెల్లుతుంది. కాబట్టి అది హామీ కాదు, బెదిరింపు. పనిచేసిన నెల జీతం ఆమెది, ఆపే హక్కు మీకు లేదు. ఆ ఏజెన్సీ ఆమె ఇంటివాళ్ళకు అడ్వాన్స్ ఇచ్చి, అది తీరేదాకా కదలకూడదని కట్టేసిందేమో కనుక్కోండి. అలాగైతే అది 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. మీ భయం ఆమె ఎవరో తెలియదనే అయితే స్టేషన్‌లో వివరాలిచ్చి వెరిఫికేషన్ చేయించుకోండి.

మన ఆడవాళ్ళు గల్ఫ్‌కు ఇంటిపనికి పోవాలంటే 30 ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వ నియమం. గుమ్లా నుంచి కడపకు వచ్చే పిల్ల గురించి మాత్రం అడిగే దిక్కు లేదు.

అనంతపురం టీచర్:
అందరూ కార్డు దగ్గరే ఆగిపోయారు. నూనె విషయంలో మాత్రం తల్లిగా మీరే గట్టిగా చెప్పండి. పసిపిల్లల చర్మానికి ఆవనూనె మంచిది కాదని చర్మవైద్యులే అంటారు. ఆమె మనసు నొచ్చుకుంటుందని ఊరుకోవద్దు. కింద కూర్చుని తినడం ఆమె ఇష్టం, దాన్ని మాత్రం వదిలేయండి. హిందీ గురించి దిగులెందుకు? ఈ వయసు పిల్లలు రెండు మూడు భాషలు ఇట్టే పట్టేస్తారు. అన్నట్టు, ఆమె ఉరావ్ తెగ అమ్మాయి అయితే ఇంట్లో కుడుఖ్ మాట్లాడుతుంది. అది కూడా మన తెలుగులాగే ద్రావిడ భాషే. అడిగి చూడండి.

కడప కోడలు:
అందరికీ థాంక్స్. అడిగాను. ఆమెకు ఆరేళ్ళ కూతురు ఉంది, అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. ఇన్నాళ్ళూ నాకు తెలియదు. ఏజెన్సీ ఫారంలో పెళ్ళి కాలేదని రాశారు, పిల్లలుంటే ఎవరూ పెట్టుకోరట. ఇప్పుడు అత్తగారికి కొత్త అనుమానం, ఇంకేం దాచిందోనని. నాకూ కాస్త కోపం వచ్చింది, అబద్ధం చెప్పను. కానీ నాలాంటివాళ్ళు పెట్టుకోరనే కదా దాచింది.

కార్డు తీసుకోవడం లేదు. జీతం మొత్తం ఇచ్చి పంపుతాను. అత్తగారు నాతో మాట్లాడటం మానేశారు. ఆ 20 రోజులు బాబును ఎవరు చూస్తారనేది ఇంకా తేలలేదు, బ్యాంకులో నాకు అన్ని సెలవులు లేవు.

పొద్దుటూరు అన్న:
మీ ఇష్టం అమ్మా. రాకపోతే ఇక్కడికొచ్చి చెప్పండి.

రాయచోటి అక్క:
వచ్చినా చెప్తుందిలే అన్నా. చెల్లెమ్మా, పోను రాను రెండు టికెట్లూ నువ్వే తీయి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, పండుగ రద్దీ, ఆలస్యం చేయొద్దు. కడప నుంచి రాంచీకి రైలు మారాలి, అక్కడ దిగి గుమ్లాకు మళ్ళీ బస్సు. దారిలోనే నాలుగైదు రోజులు పోతాయి, అందుకే 20 అడిగింది. బాబు కోసం మీ ఆయన్ను ఒక వారం ఇంటి నుంచి పని చేయమను. ఇంట్లో ఇంతమంది మాట్లాడారు గానీ ఆయన సెలవు గురించి ఒక్కరూ అడగలేదు.