తెల్ల ఫిల్లింగ్ కింద మళ్లీ పుచ్చు: తప్పు మెటీరియల్‌దా, మనదా?

గోదారిగట్టు: దవడ పన్నుకు మూడేళ్ల కిందట తెల్ల సిమెంట్, అదే కాంపోజిట్, పెట్టించాను. మొన్న చల్లనీళ్లు తాగితే జివ్వుమంది. చూపిస్తే అంచు వెంట గోధుమరంగు గీత, దాని కింద మళ్లీ పుచ్చు. మా అమ్మ పంట్లో వెండి ఫిల్లింగ్ మాత్రం నల్లబడి, పాతికేళ్లుగా రాయిలా ఉంది. కొత్తది అంత నాసిరకమా?

వేపపుల్ల: మెటీరియల్‌ని తిట్టకండి. రోజుకు ఎన్ని టీలు తాగుతారో చెప్పండి ముందు. చక్కెర తిని యాసిడ్ వదిలే బ్యాక్టీరియాకు ఏ ఫిల్లింగయినా ఒకటే.

పళ్లడాక్టరమ్మ: ఒకటే కాదండీ. లిస్బన్‌లో కాసా పియా సంస్థ పిల్లల మీద 1997లో ఒక పరిశోధన మొదలైంది. ఎవరికి వెండిది, ఎవరికి కాంపోజిట్ అన్నది లాటరీ వేసినట్టు నిర్ణయించారు కాబట్టి టీ, బ్రష్ అలవాట్లు రెండు వైపులా దాదాపు సమానం. ఏడేళ్ల వరకు చూస్తే, చుట్టూ మళ్లీ పుచ్చు వచ్చి ఫిల్లింగ్ పాడయ్యే ముప్పు వెండిదానితో పోలిస్తే కాంపోజిట్‌కు 3.5 రెట్లు.

వెండి ఫిల్లింగ్ నుంచి ఊరే రాగి, వెండి అయాన్లు బ్యాక్టీరియాకు పడవు. పైగా అది తుప్పు పట్టే కొద్దీ అంచు సందు దానంతటదే పూడుతుంది. కాంపోజిట్ నీలికాంతికి గట్టిపడేటప్పుడు రెండు మూడు శాతం కుంచించుకుపోతుంది. ఆ సందులో స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే పుచ్చు బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. పాచిలోని ఎంజైములు కాంపోజిట్‌లోని రెసిన్ అనే ప్లాస్టిక్‌లాంటి పదార్థాన్నీ మెల్లగా తినేస్తాయి.

వేపపుల్ల: లాటరీ మాట ఒప్పుకుంటా. కానీ వెండి ఫిల్లింగ్‌లో సగం పాదరసమే కదా డాక్టరు గారూ! యూరోపియన్ యూనియన్ 2025 జనవరి 1 నుంచి దాన్ని దాదాపు ఆపేసింది.

పళ్లడాక్టరమ్మ: నిజమే. పర్యావరణంలోకి పాదరసం చేరకూడదన్నది అందులో పెద్ద కారణం. నేనూ ఇప్పుడు వెండిది పెట్టడం లేదు. తెల్లదే పెడతాను, కాకపోతే తొందరపడను. పెట్టేటప్పుడు లాలాజలం తగిలితే సరిగా అంటుకోదు, పాలిష్ సరిగా లేకపోతే గరుకు మీద పాచి పేరుకుంటుంది. గ్లాస్ అయానమర్ అనే ఇంకో రకం ఫిల్లింగ్ అయితే ఫ్లోరైడ్ వదులుతుంది, తగ్గాక టూత్‌పేస్ట్ నుంచి మళ్లీ కొంత పీల్చుకుంటుంది. కానీ నమిలే పన్ను మీద త్వరగా అరుగుతుంది.

గోదారిగట్టు: నాకు పెట్టినప్పుడు మధ్యలో రెండుసార్లు ఉమ్మి రమ్మన్నారు! ఈసారి పన్ను చుట్టూ రబ్బరు షీటు కడతారా అని అడుగుతా. టీలు ఆరు, వేపపుల్ల గారూ. చక్కెరతోనే.