రిత్సోస్ రాసిన తల్లి శోకం: రెండు పాదాలు

మొన్న ఆధునిక గ్రీకు కవుల మాట వచ్చినప్పుడు యాన్నిస్ రిత్సోస్ పేరు ఒక్క వాక్యంతో దాటిపోయింది. ఆయన చాలా రాశారు. నేను మాత్రం ఆయన దీర్ఘకవిత ‘ఎపితాఫియోస్’ మొదటి రెండు పాదాల గురించే చెబుతాను.

1936 మేలో గ్రీసు నగరం థెస్సలోనికీలో పొగాకు కార్మికుల సమ్మె మీద పోలీసులు కాల్పులు జరిపారు. తాసోస్ తూసిస్ అనే యువ డ్రైవరు చనిపోయాడు. నడివీధిలో కొడుకు శవం మీద వాలి ఏడుస్తున్న తల్లి ఫొటో పేపర్లో వచ్చింది. అది చూసి రిత్సోస్ ఆ తల్లి గొంతుతోనే రాశారు:

“యే ము, స్ప్లాఖ్నో తోన్ స్ప్లాఖ్నోన్ ము, కర్దూలా తిస్ కర్ద్యాస్ ము,
పులాకీ తిస్ ఫ్తోఖ్యాస్ అవ్లీస్, అంథే తిస్ ఎరిమ్యాస్ ము”

నా కొడుకా, నా పేగులో పేగా, నా గుండెలోని చిట్టిగుండె,
పేదింటి వాకిట్లో పిట్టా, నా బీడులో పూసిన పువ్వా.

పైకి చదివి చూడండి. పాదానికి పదిహేను అక్షరాలు, ఎనిమిదో అక్షరం తర్వాత చిన్న విరుపు. చివర ‘కర్ద్యాస్ ము’, ‘ఎరిమ్యాస్ ము’ అని అంత్యప్రాస. గ్రీకు జానపద పాటల నడక ఇదే. శవం దగ్గర ఆడవాళ్లు రాగాలు తీసి ఏడ్చే ‘మీరొలోయ్’ పాటలు ఎక్కువగా ఇందులోనే నడుస్తాయి. గుడ్ ఫ్రైడే నాడు క్రీస్తు కోసం మరియ శోకం పాడే ఆరాధన పేరే ‘ఎపితాఫియోస్’. అంటే అక్కడి ఏ పల్లెటూరి తల్లికైనా చెవికి అలవాటైన నడకలోనే రిత్సోస్ సమ్మె గురించి చెప్పారు. ఆయన గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. శోకంతో మొదలైన తల్లి చివరికి కొడుకు తోటివాళ్లతో కలిసి నడుస్తుంది. ఆ మలుపు నినాదంలా అనిపించదు, ఎందుకంటే గొంతు మారదు.

అదే ఏడాది ఆగస్టులో గ్రీసులో జనరల్ మెటాక్సాస్ నియంతృత్వం వచ్చింది. ‘ఎపితాఫియోస్’ అచ్చయిన పదివేల ప్రతుల్లో అమ్ముడుపోకుండా మిగిలినవాటిని ఏథెన్స్‌లో జ్యూస్ గుడి స్తంభాల దగ్గర తగలబెట్టారు. గ్రీసు అంతర్యుద్ధం రోజుల్లో, కమ్యూనిస్టు అయిన రిత్సోస్‌ని లెమ్నోస్, మాక్రోనిసోస్ దీవుల్లో నిర్బంధించారు. అక్కడ రాసిన కవితల్ని సీసాల్లో పెట్టి మట్టిలో దాచారాయన.

గ్రీకు సంగీతకారుడు మీకిస్ థియోదొరాకిస్ ‘ఎపితాఫియోస్’కి కట్టిన బాణీల్ని 1960లో బుజుకీ అనే తంత్రీవాయిద్యంతో రికార్డు చేయించారు. తాగే చోట వాయించే బుజుకీతో కవిత్వమా అని పెద్ద గొడవే జరిగింది. నా మటుకు థియోదొరాకిస్ చేసిందే సరైన పని. కూలిజనం ఏడుపు నడకలో రాసిన పద్యానికి వాళ్లు వినే వాయిద్యమే కుదురుతుంది.

మన దగ్గర శోకాలు పెట్టి ఏడ్చేటప్పుడు పోయిన బిడ్డని ఇలాగే వరసగా పిలుస్తూ పోతారు కదా. మీ వైపు ఏమేమని పిలుస్తారో, ఆ పాదం ఎక్కడ విరుగుతుందో గుర్తున్నంత వరకు రాయండి.