కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీ జేఎన్టీయూలో కలవడం మేలా, నష్టమా?

ఈసీఈ_2011:
మా ఇంట్లో గోడకి మూడు పట్టాలు వేలాడుతుంటాయి. పెదనాన్నగారిది ఆంధ్రా యూనివర్సిటీ, నాన్నది జేఎన్టీయూ (జవహర్‌లాల్ నెహ్రూ టెక్నలాజికల్ యూనివర్సిటీ), నాది జేఎన్టీయూ కాకినాడ. ముగ్గురం చదివింది మాత్రం ఒకే కాలేజీ. 1946లో విశాఖపట్నం ఇంజినీరింగ్ కాలేజీ అన్న పేరుతో పుట్టి, కాకినాడలో స్థిరపడ్డ ప్రభుత్వ కాలేజీ. 1972లో జేఎన్టీయూ పెట్టినప్పుడు అనంతపురం కాలేజీతో పాటు దీన్నీ అందులో కలిపేశారు. మొన్న పండక్కి పెదనాన్న "ఆ రోజే మా కాలేజీ పోయింది" అన్నారు. నాన్న ఒప్పుకోలేదు. గారెలు చల్లారిపోయాయి గానీ వాదన తెగలేదు. మీరేమంటారు?

పాత_సివిల్:
నాది మీ పెదనాన్నగారి పక్షమే. ఆంధ్రా యూనివర్సిటీ ఉన్న విశాఖకి పొద్దున్నే బయల్దేరితే పని చూసుకుని రాత్రి భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. జేఎన్టీయూ ఉన్న హైదరాబాద్ అంటే రాత్రంతా రైల్లో కూర్చోవాలి. 36 ఏళ్లు ప్రతిదానికీ అటే చూశాం.

మెషీన్_ల్యాబ్:
దూరం నిజమేనండి. కానీ ఆంధ్రా యూనివర్సిటీకి విశాఖలో సొంత ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అక్కడ మనం ఎప్పటికీ సవతి బిడ్డలమే. టెక్నాలజీ కోసమే పెట్టిన యూనివర్సిటీలో అలా కాదు, మొదటి కాలేజీల్లో మనదొకటి. 2008లో జేఎన్టీయూని విడగొట్టినప్పుడు కాకినాడకి యూనివర్సిటీ దక్కింది అందుకే కదా!

పాత_సివిల్:
ఊరికి యూనివర్సిటీ దక్కింది సరే, కాలేజీకి ఏం దక్కింది? అప్పట్లో శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా 8 జిల్లాల ప్రైవేటు కాలేజీల అఫిలియేషన్లు, పరీక్షలు, రిజల్ట్స్. జనానికి జేఎన్టీయూ కాకినాడ అంటే అదే. ఎవరికైనా చెప్పండి అక్కడ చదివానని, "క్యాంపసా, అఫిలియేటెడా?" అంటారు. గవర్నమెంట్ ఇంజినీరింగ్ కాలేజీ అన్న రోజుల్లో ఆ రెండో ప్రశ్నే లేదు.

ఈసీఈ_2011:
ఇది మాత్రం కరెక్ట్. ఇంటర్వ్యూలో నన్నూ అడిగారు. క్యాంపస్ అన్నాకే ఆయన పెన్ను కిందపెట్టి తలెత్తి చూశాడు.

అఫిలియేటెడ్_బ్యాచ్:
అంటే మేం చదివింది చదువు కాదా అన్నా? సప్లీ టెన్షన్ ఎవరికైనా టెన్షనే.

మెషీన్_ల్యాబ్:
తమ్ముడూ, నిన్నెవరూ అనలేదు. అడిగేవాళ్ల బుద్ధి గురించి మాట్లాడుతున్నాం.

విజయనగరం_మెకానికల్:
మా సంగతీ వినండి. మా కాలేజీ 2007లో మొదలైంది. ఏడాది తిరిగేసరికి కాకినాడ కిందికొచ్చాం. 2022లో మాకూ విడిగా జేఎన్టీయూ గురజాడ వచ్చింది. మీరు హైదరాబాద్‌ని ఏమనేవారో, సరిగ్గా అవే మాటలు మేం కాకినాడని అనేవాళ్లం.

పాత_సివిల్:
ఆయ్, అది ఒప్పుకోవాల్సిందేనండి. మనకి ఎప్పుడూ తట్టలేదు. ఇంతకీ మీ పెదనాన్నగారిది ఏ బ్యాచ్?

ఈసీఈ_2011:
సివిలేనండి. 1970.

పాత_సివిల్:
అయితే నాకు సీనియరే. ఇక నేనేం మాట్లాడను, మీ నాన్నగారిని కూడా ఊరుకోమనండి.